మాట తిరిగి వచ్చేదాకా

‘మాట పడిపోయింది’ అంటే మన ఇళ్లలో ఇక ఆశ వదులుకోమనే అర్థం. ముసలివాళ్ల మంచం దగ్గర వినపడే ఆ మాటను, ఆరేళ్ల పిల్లవాడి మంచం దగ్గర ఒక తల్లి నోట విన్నాను.

పిల్లవాడి తలలో కంతి తీశారు. తెలివి రాగానే “అమ్మా, దాహం” అన్నాడట. మర్నాటినుంచీ పలుకు లేదు. ఏడుపు మాత్రం ఉంది. “ఆపరేషను వికటించింది కాబోలు మాస్టారూ! లేకపోతే నామీద అలిగాడేమో. సూది వద్దని గింజుకుంటే పట్టుకున్నది నేనేగా!” అని ఆమె కుమిలిపోయింది.

అది అలక కాదు. వైద్యులు ఎరిగిన అవస్థే. తల వెనుక భాగాన చిన్నమెదడు ఉంటుంది. తూలకుండా నడవడం దాని చలవేనని బడిలో చదువుకున్నాం. మాటాడేటప్పుడు నాలుకా పెదవులూ పొందికగా కదలడం కూడా దాని చలవే. అక్కడినుంచి పెద్దమెదడుకు పోయే దారులు ఆపరేషనులో దెబ్బతినడమే ఈ మౌనానికి కారణమని వైద్యుల అభిప్రాయం. చిత్రమేమంటే, మాట వెంటనే పోదు. తరచు ఒకటి రెండు రోజులు ఆగి పోతుంది. 1985లో అమెరికా వైద్యుడు రెకేటూ, ఆయన సహచరులూ దీన్ని గురించి రాశారు. మెడుల్లోబ్లాస్టోమా అనే కంతి తీసిన పిల్లల్లో సుమారు నలుగురిలో ఒకరికి ఇలా అవుతుంది. ఆ కంతే అరుదు గనుక మన చెవిని పడలేదు.

మాట మళ్లీ వస్తుంది. కొందరికి రోజుల్లో, కొందరికి నెలల్లో. వచ్చినా మునుపటిలా గలగలా సాగకపోవచ్చు. మాటలోనూ, నడకలోనూ, చదువులోనూ కొరత కొందరికి నిలిచిపోతుంది. మాటా నడకా మళ్లీ నేర్పేవారి సాయం కావాలి. ఇలా జరగవచ్చునా అని ఆపరేషనుకు ముందే వైద్యుని అడగడంలో తప్పులేదు. ముందు తెలిసిన తల్లి తన్ను తాను నిందించుకోదు.

మరొక్క సంగతి. పలకని బిడ్డ వినడం లేదనుకోకండి. చాలామంది వింటారు, గ్రహిస్తారు. మంచం పక్కన నిలబడి “ఇక వీడింతే” అనకండి. కథ చెప్పండి. అవునంటే చెయ్యి నొక్కమనండి.

ఆ పిల్లవాడు ఆరో వారంలో “నీళ్లు” అన్నాడు. ఇప్పటికీ మాట సాగదీసే పలుకుతాడు. వాడి వాక్యం పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో అందరూ ఆగుతారు.