తల పట్టుకునే థెరపీ: ట్రై చెయ్యాలా, వద్దా?

ప్లేస్‌మెంట్ సీజన్‌లో అన్ని బ్రాంచ్‌ల వాళ్లకూ కామన్‌గా ఉండేది తలనొప్పి. రోజుకు పది గంటలు ల్యాప్‌టాప్ ముందు, మిగతా టైమంతా ఫోన్ మీదికి వంగి. మెడ పట్టేస్తుంది, రాత్రి నిద్ర పట్టదు, పొద్దున్నే ఆన్‌లైన్ టెస్ట్ ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఓ వెల్‌నెస్ సెంటర్ ప్రకటన కళ్లబడుతుంది. దాని పేరు క్రేనియోసేక్రల్ థెరపీ. మందుల్లేవు, నొప్పి ఉండదు, ఒత్తిడి పోతుంది, ఏకాగ్రత పెరుగుతుంది, ప్యాకేజీ తీసుకుంటే డిస్కౌంట్ కూడా. సికింద్రాబాద్‌లో హాస్టల్లో ఉంటూ కోచింగ్‌లకు తిరిగే జూనియర్లు "అన్నా, ట్రై చెయ్యమంటావా?" అని అడుగుతున్నారు.

నా జవాబు ముందే చెప్పేస్తా. తలనొప్పి తగ్గడానికో, మెడ నొప్పి నయం కావడానికో అయితే డబ్బు పెట్టొద్దు. ఓ గంట ప్రశాంతంగా పడుకోవడానికి, నిజంగా మిగులు డబ్బుంటే, అది మీ ఇష్టం.

అసలు ఇందులో ఏం చేస్తారు? బట్టలతోనే బల్ల మీద పడుకోబెట్టి తల దగ్గర, నడుము కింద త్రికాస్థి దగ్గర చేతులు ఆనిస్తారు. ఒత్తిడి సుమారు 5 గ్రాములు, అంటే ఓ చిన్న నాణెం బరువు. దీనికి మూలం అమెరికన్ ఆస్టియోపతి వైద్యుడు విలియం గార్నర్ సదర్లాండ్. కపాలం ఎముకల అంచులు చూసి, అవి చేప మొప్పల్లా కదలడానికే అలా ఉన్నాయని ఆయన అనుకున్నాడు. 1939లో పుస్తకం రాశాడు. 1970ల నుంచి మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన జాన్ అప్లెడ్జర్ దాన్ని ఇప్పుడున్న పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవానికి సొంత లయ ఉంటుందని, అది చేతికి తెలుస్తుందని, తేడా వస్తే సరిచెయ్యొచ్చని వీళ్ల వాదన.

ద్రవం ఉన్నమాట నిజం. గుండె చప్పుడుతో, ఊపిరితో అది కదులుతుంది, ఎంఆర్ఐలో కనబడుతుంది కూడా. చిక్కల్లా మిగతా సగంతోనే. పెద్దవాళ్ల కపాలం అతుకులు ఒకదానిలో ఒకటి బిగిసి ఉంటాయి. నాణెం బరువుతో వాటిని కదిలించి జబ్బు నయం చెయ్యొచ్చనడానికి గట్టి ఆధారం లేదు.

మనం ఇంజినీరింగ్ చదివినవాళ్లం కాబట్టి ఒక సింపుల్ ప్రశ్న వేద్దాం. ఒకే వోల్టేజీని ఇద్దరు కొలిస్తే ఒకే రీడింగ్ రావాలి కదా? 1994లో అమెరికాలో ముగ్గురు ఫిజియోథెరపిస్టుల చేత 12 మంది మీద ఈ లయను కొలిపించారు. ఒకరి లెక్కకీ ఇంకొకరి లెక్కకీ పొంతన లేదు. 1998లో ఇంకో ప్రయోగంలో ఒకరు తల దగ్గర, ఒకరు పాదాల దగ్గర ఒకేసారి చేతులు పెట్టి కొలిచారు. అప్పుడూ కుదరలేదు. రీడింగే నిలకడగా లేనప్పుడు దాన్ని 'సరిచేశాం' అంటే దేన్ని సరిచేసినట్టు?

ఈ విషయంలో మన ఊరికి మంచి చరిత్రే ఉంది. చెడు గాలి వల్లే మలేరియా వస్తుందని లోకం శతాబ్దాల పాటు నమ్మింది, ఆ జబ్బు పేరుకు అర్థమే చెడు గాలి. 1897 ఆగస్టు 20న ఇక్కడే, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి మైక్రోస్కోపు కింద ఆ పరాన్నజీవిని చూశాడు. రాస్ చెప్పాడు కాబట్టి నమ్మండి అని అక్కడితో ఆగలేదు. తర్వాత కలకత్తాలో పక్షుల మలేరియాపై ఆయనే, ఇటలీలో మనుషుల మలేరియాపై వేరేవాళ్లు పరీక్షించి చూశారు. మైక్రోస్కోపు ఉన్న ఎవరైనా చూడగలిగేది అది. క్రేనియోసేక్రల్ లయ 'శిక్షణ పొందిన చేతులకే' తెలుస్తుందంటారు, ఆ చేతులే ఒకదానితో ఒకటి ఏకీభవించవు.

మరి చేయించుకున్నవాళ్లు బాగుందంటున్నారు కదా అని మీరు అడుగుతారు. అబద్ధం కాదు. జర్మనీలో దీర్ఘకాల మెడ నొప్పి ఉన్న 54 మందిపై చేసిన ట్రయల్ 2016లో అచ్చయింది. ఎనిమిది వారాల తర్వాత, ఊరికే చెయ్యి ఆనించిన గ్రూపు కన్నా ఈ థెరపీ గ్రూపుకు నొప్పి ఎక్కువ తగ్గింది. 2019లో 10 ట్రయల్స్ కలిపి చూసిన సమీక్ష కూడా అనుకూలంగానే చెప్పింది. కానీ చిన్న ట్రయల్స్, పైగా చేసేవాళ్లకు ఏది అసలు థెరపీయో ఏది నకిలీయో తెలుసు. వాళ్ల ఉత్సాహం పేషెంటుకు అంటదని ఎవరు చెప్పగలరు? 2024లో వచ్చిన మరో సమీక్ష ఏ సమస్యకూ చెప్పుకోదగ్గ లాభం లేదని తేల్చింది. నాకు ఈ రెండోదే బరువుగా కనిపిస్తోంది. ఫోన్ పక్కన పెట్టి, మసక వెలుతురులో గంటసేపు కదలకుండా పడుకుంటే ఎవరికైనా బాగానే ఉంటుంది.

ఇక డబ్బు. సెషన్‌కు 1,500 రూపాయలు అనుకుందాం. ఎనిమిది సెషన్లకు 12,000. నాన్న పంపిన డబ్బులో అది ఒకటి రెండు నెలల హాస్టల్ ఖర్చు. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఆస్తమాకని పంచే చేప ప్రసాదాన్ని చూసి నవ్వుకునే మన బ్యాచ్ వాళ్లే, ఏసీ గదిలో ఇంగ్లిష్ పేరు పెడితే కార్డు స్వైప్ చేస్తారు. చేప ప్రసాదం కనీసం ఉచితం!

ఈ థెరపీతో నేరుగా హాని తక్కువే, తలకు ఈమధ్యే దెబ్బ తగిలినవాళ్లు, మెదడులో రక్తస్రావం లాంటి సమస్యలున్నవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి. అసలు ప్రమాదం ఆలస్యంలో ఉంది. ఒక్కసారిగా భరించలేని తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, చూపు మసకబారడం, చెయ్యి పట్టు తప్పడం, ఇలాంటివేం ఉన్నా ఆ రోజే డాక్టర్ దగ్గరకు. మామూలు తలనొప్పయితే ముందు కళ్లు చెక్ చేయించుకోండి. నెలలో 15 రోజులు నొప్పి మాత్రలు మింగుతుంటే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి, చాలామందికి ఇది తెలీదు.

కెరీర్ పేజీ కాబట్టి ఇంకో మాట. ఇదే థెరపీలో 'సర్టిఫైడ్' కోర్సులంటూ ఉద్యోగం లేనివాళ్లకు వల వేస్తుంటారు. విదేశీ సంస్థ మొదటి లెవెల్ కోర్సు నాలుగు రోజులే. ఫిజియోథెరపిస్టు కావాలంటే బీపీటీ నాలుగేళ్ల పైనే చదవాలి. ఆయుష్ గుర్తించిన వైద్య పద్ధతుల్లోనూ ఇది లేదు. ఫీజు కట్టే ముందు "ఈ సర్టిఫికెట్‌తో నన్ను ఎవరు ఉద్యోగంలోకి తీసుకుంటారు?" అని వాళ్లనే అడగండి, రాతపూర్వకంగా.

మెడ నొప్పికి గాంధీ ఆసుపత్రి ఓపీకి పొద్దున్నే వెళ్లండి. క్యూ ఉంటుంది, ఓపిక పట్టాలి. నొప్పి కన్నా ఇంటర్వ్యూ భయమే నిద్ర చెడగొడుతుంటే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు అడగరు.