రూపాయి పడితే మిరప కోత కూలీకి ఏమవుతుంది?

2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. రూపాయి పడితే ఎగుమతులకు మంచిదని కొందరు, దేశం పరువు పోయిందని కొందరు. జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో మిరపకాయలు కోసే ఆడకూలీల గురించి ఇద్దరూ మాట్లాడరు. వందేళ్ల కిందటే ఆ కూలి లెక్కను ముందుకు తెచ్చిన ఆర్థికవేత్త బాబాసాహెబ్ అంబేడ్కర్. మనం ఆయన్ని రాజ్యాంగం దగ్గరే ఆపేస్తున్నాం.

1893 దాకా ఎవరైనా వెండి తీసుకెళ్లి టంకశాలలో రూపాయలు కొట్టించుకోగలిగేవారు. వెండి ధర పడిపోయి, లండన్‌కు పౌన్లలో కట్టాల్సిన హోం చార్జీలు బరువెక్కడంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆ దారి మూసింది. తర్వాత రూపాయిని షిల్లింగు నాలుగు పెన్నీల దగ్గర నిలబెట్టింది. ఇక్కడ చలామణీలో బంగారం ఉండదు, నిల్వలు లండన్‌లో ఉంటాయి. ఈ బంగారు మారక ప్రమాణాన్ని 1913లో కీన్స్ తన పుస్తకంలో సమర్థించాడు. 1923లో 'ది ప్రాబ్లం ఆఫ్ ది రూపీ'లో అంబేడ్కర్ దాన్ని ఎదిరించారు.

తేడా చూసే పద్ధతిలోనే ఉంది. కీన్స్ మారకం రేటు వైపు నుంచి చూశాడు. అంబేడ్కర్ ఆ రూపాయికి బజారులో ఎంత సరుకు వస్తుందో చూశారు. రూపాయలు ఎన్ని విడుదల చేయాలన్నది సర్కారు ఇష్టానికి వదిలితే, బయట రేటు నిలకడగా ఉన్నా లోపల ధరలు పెరుగుతాయి. అందుకే రూపాయల ముద్రణ పూర్తిగా ఆపి బంగారు నాణెం తేవాలన్నారు. ఆ మందు ఇవాళ పనికిరాదు. ఆయన రోగ నిర్ధారణ మాత్రం పనికొస్తుంది: రూపాయి విలువ పడినప్పుడు ఎగుమతిదారుకు వచ్చే లాభం పరాయి దేశం ఇచ్చేది కాదు, ధరలు ముందు పెరిగి కూలి వెనకబడటం వల్ల వచ్చేది. 1925 డిసెంబరులో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యమిచ్చారు. ఆ రోజుల్లో బొంబాయి వ్యాపారవర్గం తక్కువ రేటు కావాలని 'దేశం' పేరుతోనే అడిగింది.

మారకం రేటు మన ప్రాంతానికి కొత్తేం కాదు. జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యం, అక్కడ హాలీ సిక్కా. హైదరాబాద్ కలిశాక ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయలని లెక్క కట్టారు. హాలీలో కూలి తీసుకుని ఇవతల సరుకు కొనేవాడికి ఆ ఏడూ ఆరూ సంగతి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇప్పటి సంగతి. మిర్చి గుంటూరు యార్డు మీదుగా చైనాకు, బంగ్లాదేశ్‌కు పోతుంది. డాలరు పెరిగితే వ్యాపారికి రూపాయలు ఎక్కువొస్తాయి. ఆ పెరుగుదల కల్లం దాకా రావాలని రూలేం లేదు. కౌలు రైతు కొనే పొటాష్ మొత్తం దిగుమతే, డీఏపీలోనూ ఎక్కువ భాగం దిగుమతే. పైగా 2025 ఆగస్టులో కేంద్రం పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. మెట్టలో పత్తి వేసిన కౌలుదారు ఎరువు కొనేటప్పుడు డాలరు దెబ్బ తిన్నాడు, పంట అమ్మేటప్పుడు బయటి పత్తితో పోటీ పడ్డాడు. కూలీకి కొట్టులో పామాయిల్ ప్యాకెట్ ఉంది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. నూనె ధరలో సుంకాల పాత్రా ఉందన్నది నిజమే, అయినా డాలరు వాటా చిన్నది కాదు.

నందిగామ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అక్కడ ఓట్లడిగేవాళ్లెవరూ కోత కూలిని మారకం రేటుతో కలిపి మాట్లాడగా మేం వినలేదు. విద్యార్థి సంఘాలు ఈ పని చేయొచ్చు: ఒక ఊళ్లో ఏడాది పాటు నెలనెలా డాలరు రేటు, లీటరు నూనె ధర, మిరప కోత కూలి పక్కపక్కన రాసి పెట్టాలి. ఎవరు ఎవరికి కడుతున్నారో ఆ కాగితంలోనే తేలుతుంది. మొదటి గీత గీయడానికి సర్కారు అంకె ఒకటి ఇప్పటికే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 2024-25లో 300 రూపాయలు, 2025-26లో 307.