పొడిచే ఎద్దు, చేతిలో ఫోను

మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణల్లో క్రైస్తవులమైన మనం పక్కపక్కన పెట్టి చదవాల్సిన సెక్షన్లు రెండున్నాయి. మొదటిది 184. బండి నడుపుతూ ఫోను చేత్తో పట్టుకుని వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికే వస్తుందని ఆ సెక్షన్‌లో కొత్తగా చేర్చారు. రెండోది 134ఎ. రోడ్డు మీద దెబ్బలు తగిలి పడి ఉన్నవారికి సదుద్దేశంతో సాయం చేసినవారిని కేసుల నుంచి కాపాడే సెక్షను అది. అలా సాయం చేసినవారిని చట్టం ఏ పేరుతో పిలిచిందో తెలుసా? ‘గుడ్ సమారిటన్’! లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుడే ఆయన. యేసుప్రభువు చెప్పిన ఉపమానంలోని మనిషికి మన దేశ చట్టంలో చోటు దొరకడం సంతోషమే. కానీ సమరయుడి సెక్షను మాత్రం మనదనుకుని, ఫోను సెక్షను ఇంకెవరి కోసమో రాశారన్నట్టు ఉండటం న్యాయమేనా?

184లో శిక్షలు చిన్నవేమీ కావు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అయితే కోర్టు దాకా వెళ్లకుండా రాజీ రుసుము కట్టించుకునే వీలును చట్టమే ఇచ్చింది, అది ఎంతన్నది రాష్ట్రాలకు వదిలేసింది. అందుకే చాలామందికి జైలు సంగతే తెలియదు, చలానా ఒక్కటే తెలుసు. చలానా అంటే కట్టేస్తే పోయేదేగా! సిగ్నల్ దగ్గర కెమెరా కనిపిస్తే ఫోను జేబులోకి వెళ్తుంది, నాలుగడుగులు దాటగానే మళ్లీ చెవి దగ్గరికొస్తుంది. అధికారులకు లోబడటం శిక్షకు భయపడి మాత్రమే కాదు, మనస్సాక్షి కోసం కూడా అని పౌలు రోమా విశ్వాసులకు రాశాడు (రోమా 13:5). కెమెరా లేని చోట పనిచేయాల్సింది ఆ మనస్సాక్షే.

మోషే ధర్మశాస్త్రంలో ఫోన్లు, మోటారు బళ్లు లేవు గానీ ఎద్దులున్నాయి. ఒకడి ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఏం చేయాలో నిర్గమకాండం 21వ అధ్యాయం చెబుతుంది. ఎద్దును రాళ్లతో కొట్టి చంపాలి, యజమాని నిర్దోషి. కానీ ఆ ఎద్దుకు పొడిచే అలవాటు అంతకుముందే ఉండి, ఆ సంగతి యజమానికి హెచ్చరికగా చెప్పినా అతడు దాన్ని కట్టడి చేయకపోతే? అప్పుడు యజమాని కూడా ప్రాణంతో బదులు చెప్పాల్సిందే, లేదా విధించినంత విమోచన ధనం చెల్లించాలి (21:28-30). అదే ఎద్దు, అవే కొమ్ములు. మారినదల్లా యజమానికి ముందే తెలిసి ఉండటం. తప్పు తిరిగి చేసినవాడికి మన చట్టం శిక్ష పెంచడంలో కూడా ఈ న్యాయమే కనిపిస్తుంది. కొత్త ఇల్లు కట్టుకునేవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలన్న ఆజ్ఞ (ద్వితీయో 22:8) కూడా ఇలాంటిదే. ఎవరైనా పడ్డాక ఏడవడం కాదు, పడతారని ముందే తెలుసుకుని జాగ్రత్త పడటాన్నే దేవుడు కోరాడు.

ఇంతకీ మన ఎద్దు పొడిచేదని మనకు తెలియదా? బండి నడుపుతూ ఫోను వాడేవారు ప్రమాదంలో చిక్కుకునే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో చెప్పింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు పదహారు మీటర్లకు పైగా సాగిపోతుంది. వచ్చిన మెసేజ్ ఎవరిదో చూడటానికి ఐదు సెకన్లు తల దించితే ఎనభై మీటర్లు, అంటే నాలుగు క్రికెట్ పిచ్‌లంత దూరం, కళ్లు మూసుకుని నడిపినట్టే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వీరంతా ఫోన్ల వల్లే పోయారని ఎవరూ అనరు, అతివేగమే వీటిలో పెద్ద కారణం. కానీ ప్రమాదం జరిగాక తాను ఫోను చూస్తున్నానని పోలీసులకు చెప్పే డ్రైవరు ఎక్కడుంటాడు?

చేత్తో పట్టుకోకుండా బ్లూటూత్‌లో మాట్లాడుతున్నాం కదా, చట్టం ఒప్పుకుంటుంది కదా అనేవారున్నారు. నిజమే, 184 చెప్పేది చేత్తో పట్టుకున్న ఫోను గురించే. దారి చూసుకోవడానికి ఫోను వాడుకోవచ్చని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధనలూ ఒప్పుకున్నాయి, నడిపేవాడి ఏకాగ్రత చెదరకూడదన్న షరతుతో. కానీ హ్యాండ్స్‌ఫ్రీ వల్ల పెద్దగా భద్రత పెరగదని కూడా ఆ ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. చేతులు స్టీరింగు మీదున్నా మనసు అవతలి మనిషి దగ్గరే ఉంటుంది మరి. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూలు వ్యాను రైలు కింద పడి 13 మంది పిల్లలు చనిపోయారు. డ్రైవరు చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయని ప్రాథమికంగా తేలిందని అప్పట్లో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రే చెప్పారు. ఆ పిల్లల తల్లులకు హ్యాండ్స్‌ఫ్రీ నిబంధన ఎలా వివరించగలం?

యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి వెయ్యి మీటర్లకు పైగా పల్లం, దొంగల భయమున్న దారి. ఆ దారిలో వెళ్లిన యాజకుడిని, లేవీయుడిని మనం ప్రసంగాల్లో ఎంతగా నిందిస్తాం! వాళ్లు కనీసం పడి ఉన్నవాడిని చూశారు, చూసి పక్కగా వెళ్లిపోయారు. ఫోనులో తల పెట్టిన మనకు ఆ చూపు కూడా లేదు. పైగా దొంగలు కొట్టి పడేసిన మనిషి పక్కనుంచి వెళ్లడం ఒక పాపం, ఆ మనిషిని మనమే కొట్టి పడేయడం వేరు. సమరయుడి పేరు చెప్పుకునేవాడు దొంగల పాత్ర పోషిస్తే ఎలా?

ఈ చట్టంలో లేనివాడు ఇంకొకడున్నాడు, ఫోను చేసినవాడు. గుడ్డివాడి దారిలో అడ్డు పెట్టకూడదని లేవీయకాండం ఆజ్ఞాపించింది (19:14). తెరవైపు తల తిప్పిన డ్రైవరు ఆ కాసేపూ గుడ్డివాడే. అతడు రోడ్డు మీద ఉన్నాడని తెలిసి కూడా ‘ఎక్కడున్నావ్, ఎంతసేపు?’ అని రెండుసార్లు, మూడుసార్లు ఫోను చేసేవారు ఆ అడ్డు పెడుతున్నట్టే. బిర్యానీ ఆలస్యమైందని డెలివరీ కుర్రాడికి ఫోను చేసి గద్దించే చేతులు మన ఇళ్లల్లో లేవా? అతడు ఫోను ఎత్తకపోతే కస్టమరుకు కోపం, ఎత్తితే చలానా. చలానా కట్టేది అతడే, బిర్యానీ తినేది మనం.

సంఘాల్లో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. పల్లెల్లో ఒక్కో పాస్టరుగారు ఆదివారం రెండు మూడు సంఘాల్లో ఆరాధన జరిపించాలి. మొదటి ఊళ్లో ఆరాధన ముగించి ఆయన బండెక్కగానే ఫోను మొదలవుతుంది. ఒకరికి ప్రార్థన కావాలి, ఒకరికి గృహప్రవేశం తేదీ కావాలి, రెండో ఊరివాళ్లకు ఆయన ఎక్కడిదాకా వచ్చారో కావాలి. ఎత్తకపోతే ‘పాస్టరుగారు ఫోను కూడా తీయరు’ అనే మాట పుడుతుంది. అందుకే హెల్మెట్‌లో ఫోను దూర్చి, బండి నడుపుతూనే ప్రార్థన చేసే దైవసేవకులున్నారు. వాళ్లను తప్పుపట్టే ముందు ఆ ఫోను ఎవరు చేశారో చూడాలి.

సంఘ పెద్దలు ఒక పని చేయవచ్చు. ఆరాధన చివర్లో ప్రకటనలు చదివేటప్పుడు, పాస్టరుగారు దారిలో ఉండే ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు ఎవరూ ఆయనకు ఫోను చేయవద్దని, అత్యవసరమైతే ఈ పెద్దకు చేయమని ఒక నంబరు చెప్పవచ్చు. రెండో ఊళ్లో ఆరాధన పావుగంట ఆలస్యంగా మొదలైతే సణగకుండా ఆ పావుగంట పాటలు పాడుకోవచ్చు. వచ్చే ఆదివారం నుంచే ఆ ప్రకటన చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.