ఆకు చూసి జబ్బు చెప్పడం

చేపల తొట్టిలో మొక్కలు పసుపుబారి చిల్లులు పడుతున్నాయనీ, ఏ మందు వేయాలో చెప్పమనీ ఈమధ్య ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. మందు మాట తరువాత చూద్దాం. ముందు నాకో సంగతి చెప్పండి: పాడయింది పాత ఆకా, చిగురా?

సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది. నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం, వీటిని మొక్క తన ఒంట్లోనే ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించగలదు. కరువొస్తే ముసలి ఆకుల నోటిదగ్గర కూడు తీసి చిగుళ్లకు పెడుతుంది. కనుక కింది ఆకులు ముందు చెడతాయి. ఇనుము, కాల్షియం అలా కావు. ఒక ఆకులో చేరాయంటే అక్కడే పాతుకుపోతాయి. వాటి కొరత చిగురులోనే బయటపడుతుంది.

కింది ఆకు ఆసాంతం పసుపుబారితే నత్రజని చాలలేదన్నమాట. చేపలు నిండుగా ఉన్న తొట్టిలో ఇది అరుదే. వాటి మలమే ఎరువు గదా! గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు పడి, చిల్లు చుట్టూ పసుపు అంచు ఉంటే పొటాషియం కొరత అనుకోవాలి. అంచు పచ్చగానే ఉండి, కొరికినట్టుంటే మాత్రం మొక్కను వదిలి గోల్డుఫిష్‌ను అనుమానించండి. చిగురు తెల్లబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము చాలలేదు. మన బోరునీళ్ల వంటి గట్టి నీళ్లలో ఇనుము ఉన్నా మొక్కకు సరిగా అందదు. చిగురు మెలికలు తిరగడం కాల్షియం లోటు. అది ఆర్‌.ఓ. నీళ్లే పోసేవారి ఇళ్లలో చూడాలి.

జబ్బు కాని జబ్బులూ ఉన్నాయి. సింహళం నుంచి వచ్చిన క్రిప్టోకొరైన్ వెండ్టై అనే మొక్క చోటు మారితే చాలు, నాలుగు రోజుల్లో ఆకులన్నీ కరిగి జావ అయిపోతుంది. చచ్చిందని పారేసేవారే ఎక్కువ. వేళ్లు గట్టిగా ఉంటే కదపకండి, కొన్ని వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. అంగళ్లలో అమ్మే మొక్కలు చాలావరకు నీటిపైన పెంచినవి. నీట ముంచగానే పాత ఆకులు రాలడం సహజమే. జావా ఫెర్న్ ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు చూసి బెదిరిపోకండి. అవి దాని సిద్ధబీజాలు.

ఇక మందు మాట. మా వీధిలో ఒకాయన పెరటి మొక్కలకు తెచ్చిన యూరియా చెంచాడు తొట్టిలో వేశాడు. మూడోనాటికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆయన కూతురు ఆ పూట అన్నం ముట్టలేదు. యూరియా నీళ్లలో అమోనియాగా మారుతుంది, అది చేపలకు విషం. పెరటి ఎరువు దేన్నీ తొట్టి దరిదాపులకు రానివ్వకండి. తొట్టి మొక్కలకని వేరే ద్రవపుటెరువు దొరుకుతుంది. సీసామీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి.

చెడిన ఆకు తిరిగి బాగుపడదు సుమండీ. దాన్ని కత్తిరించి బయట పారేసి, కొత్తగా వచ్చే ఆకును రెండు మూడు వారాలు గమనించండి. ఆలోగా మరో మందు కలపవద్దు. దీపం రోజుకు ఏడెనిమిది గంటలు చాలు. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చండి. కొళాయి నీళ్లయితే ముందుగా క్లోరిన్ విరుగుడు చుక్కలు కలపడం మరువకండి.