ఆఫీసు లాప్‌టాప్‌లో మన ఇల్లు

ఈ నెల ఆవకాయ గురించి రాస్తానని మాటిచ్చాను, గుర్తుంది. దాన్ని వచ్చే నెలకి వాయిదా వేస్తున్నా, ఏమీ అనుకోకండి. ఈలోపల మా అపార్ట్‌మెంట్‌లో ఒక సంగతి జరిగింది. అది మీకు చెప్పకుండా ఆవకాయ రాయాలంటే నాకు తోచట్లేదు.

మా కింది అంతస్తులో ఒక చెల్లి ఉంటుంది. వాళ్ళాయనకి ఇక్కడే బే ఏరియాలో ఉద్యోగం, హెచ్1బి. మొన్నొక మంగళవారం పొద్దున్నే నేను పిల్లల లంచ్ బాక్సులు సర్దుతుంటే తలుపు కొట్టింది. "అక్కా, ఈయన లాప్‌టాప్ పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు. ఫోన్‌లో ఆఫీసు మెయిల్ కూడా పోయింది" అంది. ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళకి దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. అరగంటలో ఆయన సొంత మెయిల్‌కి ఉత్తరం వచ్చింది. లేఆఫ్.

ఉద్యోగం పోయిన బాధ ఒక ఎత్తు. సాయంత్రానికి ఇంకో సంగతి తెలిసింది. వాళ్ళ ఇల్లంతా ఆ లాప్‌టాప్‌లోనే ఉంది. నాలుగేళ్ళ పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు, ఐ-797 స్కాన్‌లు, పిల్లల పాస్‌పోర్టు కాపీలు, అద్దె కాగితాలు, టాక్స్ రిటర్నులు. వీటన్నిటికీ మించి, రెండేళ్ళ కిందట తెనాలిలో పోయిన వాళ్ళ నాన్నగారి వీడియోలు. మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆయన కథ చెప్తున్న వీడియో అందులోనే ఉంది. ఫోన్‌లో జాగా లేదని వాటిని లాప్‌టాప్‌లోకి మార్చి, ఫోన్‌లోంచి తీసేశారు. "లాప్‌టాప్‌లో అయితే భద్రంగా ఉంటాయనుకున్నామక్కా" అని ఆ అమ్మాయి అంటుంటే ఏం చెప్పాలో తెలియలేదు.

ఎందుకంటే అవి నిజంగానే భద్రంగా ఉన్నాయి. కాకపోతే వీళ్ళ దగ్గర కాదు.

కంపెనీ ఇచ్చే లాప్‌టాప్ అద్దె ఇంట్లో ఇంటివాళ్ళ బీరువా లాంటిది. బట్టలు మనవే, తాళం వాళ్ళది. విండోస్ అయితే సాధారణంగా ఇన్‌ట్యూన్, మ్యాక్ అయితే జామ్ఫ్ లాంటి సాఫ్ట్‌వేర్ అందులో ఉంటుంది. ఐటీ వాళ్ళు తమ సీట్లోంచి కదలకుండానే మెషీన్‌ని లాక్ చేయగలరు, మొత్తం తుడిచేయగలరు. చాలా కంపెనీల్లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు మూడూ మనకి తెలియకుండానే కంపెనీ వన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంటాయి. అదీ బ్యాకప్పే, కాదనను. కానీ ఉద్యోగి ఖాతా తీసేశాక ఆ వన్‌డ్రైవ్ మామూలుగా 30 రోజులు ఉంటుంది, కంపెనీ ఆ గడువు మార్చుకోకపోతే. తర్వాత ఇంకో 93 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. ఆ రోజుల్లో తెరవగలిగేది మేనేజరూ, ఐటీ వాళ్ళూ. మనం కాదు.

పోనీ డిస్కు ఊడదీసి రిపేరు షాపులో ఇద్దామా అంటే, అది చేయకూడని పని అన్నది అలా ఉంచండి, చేసినా లాభం లేదు. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఆ డిస్కుని గుప్తలిపిలోకి మార్చి పెడతాయి. బిట్‌లాకర్ రికవరీ కీ 48 అంకెలు, అది కంపెనీ ఖాతాలో ఉంటుంది. మనలో నర్సులుగా చేసేవాళ్ళకి 2024 జూలై 19 గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ళ ఒక్క తప్పు అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. చాలా ఆసుపత్రుల్లో ఆ రోజు చార్టులు కాగితం మీదే రాసుకున్నారు. పోగొట్టాల్సింది ఒక్క ఫైలు. కానీ చాలా చోట్ల ఒక్కో మెషీన్ దగ్గరికీ మనిషి వెళ్ళి, ముందు ఆ 48 అంకెలూ కొట్టి, ఆ తర్వాత సరిచేయాల్సి వచ్చింది. ఐటీ వాళ్ళకే అంత పని పట్టిందంటే ఇంట్లో కూర్చుని మనమేం తెరుస్తాం?

మరి కంపెనీ బ్యాకప్పు కంపెనీకైనా గట్టిదేనా? ఇక్కడ మీకొక పాత కథ చెప్పాలి. ఇదీ మన బే ఏరియాదే.

1998లో పిక్సార్ స్టూడియో రిచ్‌మండ్‌లో ఉండేది. ఫ్రీమాంట్ నుంచి 880 మీద ఉత్తరానికి వెళ్తే ట్రాఫిక్ లేనప్పుడు గంటలోపే. టాయ్ స్టోరీ 2 తయారవుతోంది. ఎవరో పొరపాటున ఫైళ్ళు చెరిపేసే కమాండ్ కొట్టారు. తెర మీద చూస్తూండగానే వుడీ టోపీ పోయింది, బూట్లు పోయాయి, చివరికి వుడీయే పోయాడు. గబగబా ప్లగ్ పీకేసరికి సినిమాలో చాలా భాగం మాయం. బ్యాకప్ ఉందిగా అనుకున్నారు. తీసి చూస్తే అది నెల రోజులుగా సరిగ్గా పనిచేయట్లేదు. తిరిగి తెచ్చి చూసినవాళ్ళు లేకపోవడంతో ఎవరికీ తెలియలేదు.

అప్పుడు గాలిన్ సస్మన్ అనే ఆవిడకి గుర్తొచ్చింది. ఆవిడ ఆ సినిమాకి సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్. బిడ్డ పుట్టాక ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఇంట్లో ఒక మెషీన్ పెట్టుకుని, అందులో సినిమా కాపీ ఉంచుకున్నారు. వెళ్ళి ఆ కంప్యూటర్‌ని దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో బెల్టు పెట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చారు. తర్వాత కథ బాగా మారి సినిమాలో చాలా భాగం మళ్ళీ చేశారనుకోండి, అది వేరే సంగతి. 1999 నవంబర్‌లో విడుదలైంది. బాలింత ఇంటి నుంచి పని చేయడం ఆ రోజుల్లో ఎంతమందికి నచ్చి ఉంటుందో గానీ, ఆ కాపీ దొరికింది ఆ ఇంట్లోనే. ఇంకో ముక్క కూడా చెప్పాలి. 2023లో పిక్సార్ 75 మందిని తీసేసినప్పుడు అందులో ఆవిడ కూడా ఉన్నారు.

అలాగని మీవారి ఆఫీసు ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రమ్మని చెప్పట్లేదు తల్లీ! ఈ రోజుల్లో అది నేరుగా చిక్కుల్లో పడే పని. వాళ్ళవి వాళ్ళకి వదిలేయండి. మనవి మాత్రం అక్కడ ఉంచొద్దు.

మా ఇంట్లో ఆ వారమే కూర్చోబెట్టాను. ఆదివారం భోజనాలయ్యాక మావారి ఆఫీసు లాప్‌టాప్ తెరిస్తే రెండు గంటలు పట్టింది. "నా దాంట్లో ఏమీ లేవు" అన్న మనిషి, చూస్తే మా పెళ్ళి ఫోటోల ఫోల్డరు! పే స్టబ్‌లూ డబ్ల్యూ-2లూ సొంత కంప్యూటర్‌లో, పేరోల్ సైటు నుంచి నేరుగా దించుకున్నాం. ఆ సైటుకి ఆఫీసు మెయిల్ ఉంటే మార్చి సొంత మెయిల్ పెట్టాం. బ్యాంకు లాగిన్ కోడ్ ఆఫీసు ఫోన్‌కి వెళ్తోంది, అది కూడా మార్చాం. ఐ-797 కాపీ హెచ్‌ఆర్‌ని అడిగి తెప్పించుకున్నాం. ఐ-94 కస్టమ్స్ వాళ్ళ సైటులో ఎప్పుడైనా దొరుకుతుంది. ఫోటోలు ఎలా బయటికి తీయాలో ఐటీ వాళ్ళనే అడిగాం. యూఎస్‌బీ పనిచేయని కంపెనీలు చాలా ఉన్నాయి. పైగా లేఆఫ్ పుకార్లు మొదలయ్యాక ఒక్కసారిగా కాపీ చేస్తే దొంగతనంలా కనిపిస్తుంది. పనులు బాగా సాగుతున్నప్పుడే అడిగేయండి.

మీ సొంత ఫోన్‌లో ఆఫీసు మెయిల్ పెట్టుకున్నారా? ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్ చూడండి. కంపెనీ ప్రొఫైల్ ఉంటే వాళ్ళకి ఎంతవరకు అధికారం ఇచ్చారో చదవండి. ఎక్కువ చోట్ల ఆఫీసు భాగమే తుడుస్తారు, పూర్తి అధికారం ఇచ్చి ఉంటే ఫోనంతా తుడవగలరు.

ఐక్లౌడ్‌లో ఉన్నాయిలే అని కూడా ధీమా పడకండి. ఫోన్‌లో చెరిపితే అక్కడా చెరిగిపోతాయి. నేను ఒక హార్డ్ డ్రైవ్ కొని అల్మారాలో పెట్టాను, రెండోది హైదరాబాద్‌లో మా తమ్ముడి దగ్గర. నెలకోసారి అందులోంచి మూడు ఫైళ్ళు తెరిచి చూస్తాను. పిక్సార్ వాళ్ళు ఆ నెల చేయనిది అదే.

ఇప్పటికే లాక్ అయిపోయినవాళ్ళు కంగారు పడకండి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం జీతం రికార్డులు అడిగితే కంపెనీ 21 రోజుల్లో ఇవ్వాలి, పర్సనెల్ ఫైలు 30 రోజుల్లో. అడిగేది రాతపూర్వకంగా అడగండి. ఐఆర్‌ఎస్ సైటులో మీ ఖాతాలోకి వెళ్తే పాత సంవత్సరాల వేతన వివరాలు కనిపిస్తాయి. హెచ్1బి వాళ్ళకి ఉద్యోగం ఆఖరి రోజు నుంచి గడువు 60 రోజులే, ఐ-94 ముందే ముగిస్తే అంత కూడా ఉండదు. కొత్త కంపెనీ లాయరు మొదట అడిగేది ఈ పే స్టబ్‌లే. ఆ 60లో 21 రోజులు కాగితాల కోసమే పోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

కింది చెల్లి వాళ్ళకి పే స్టబ్‌లు పన్నెండో రోజున వచ్చాయి. వీడియోల కోసం కూడా రాశారు. సొంత ఫైళ్ళు ఇచ్చే పద్ధతి లేదని మర్యాదగానే జవాబొచ్చింది. లాప్‌టాప్‌ని డబ్బాలో పెట్టి పంపేశారు. ఆ రోజు ఆ అమ్మాయి కిందికి రాలేదు, నేనే వెళ్ళి కాసేపు కూర్చున్నాను.

తర్వాత వాళ్ళ బంధువులందరినీ వాట్సాప్‌లో అడిగితే, తెనాలిలో వాళ్ళ పెద్దమ్మ ఫోన్‌లో ఒక ముక్క దొరికింది. నలభై సెకన్లు. బొమ్మ మసక మసకగా ఉంది, మాట మాత్రం స్పష్టంగా ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మా ఇంటికి తెచ్చింది. "మీ కంప్యూటర్‌లో పెట్టి చూడక్కా, వస్తుందో లేదో" అంది.

వచ్చింది.