కొలతకందని కొలతలు

అనకాపల్లి నుండి సోదరి యొకరు మాకిట్లు వ్రాసిరి. “మా అమ్మాయి ఇంగ్లీషు పాఠములో ‘చిటికెడు ఉప్పుతో పుచ్చుకొనుట’ అను మాట వచ్చినది. వంటమాట కాబోలునని చెప్పితిని. బడిలో అది తప్పైనది. ఆ సాయంకాలమే మా అత్తగారు ‘పుట్టెడు దుఃఖము’ అనగా, పుట్టి యనగా నెంత యని పిల్ల అడిగినది. దానికిని నాకు జవాబు దొరకలేదు.”

మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. ‘ఎ పించ్ ఆఫ్ సాల్ట్’ అనగా విన్నమాటను పూర్తిగ నమ్మక, కొంత సందేహముతో స్వీకరించుట. ఇట్టి మాటలు వస్తువును కొలువవు, మనస్సును కొలుచును. ‘ఎ డ్రాప్ ఇన్ ది బకెట్’ అనునదియు నట్టిదే. వేయి రూపాయలు కావలసినచోట పది యిచ్చినపుడు దీనిని వాడుదురు. బైబిలులోని యెషయా గ్రంథమున ఈ పోలిక కలదు. మనవారు దీనినే ‘సముద్రములో కాకిరెట్ట’ అందురు.

‘బేకర్స్ డజన్’ అనగా 12 అనుకొన్నవారు పొరబడుదురు; అది 13. ఇంగ్లండులో 1266 నాటి శాసనము తూకము తగ్గించిన రొట్టెలవారిని శిక్షించెడిది. ఆ భయముచేత వారొకటి అదనముగ వేసిరని చెప్పుదురు. మనకును కొసరు కలదు గదా! బెల్లము తూచిన పిదప చిన్న ముక్కకై చేయి చాపని ఇల్లాలు అనకాపల్లిలో నుండునా? అచట భయము పెట్టించినది, ఇచట చనువు పెట్టించును. అందుకే ‘అసలుకంటె కొసరు ముద్దు’ అన్నారు.

ఇక రెండవ ప్రశ్న. ప్రాంతమునుబట్టి కొలతలు కొంత మారినను, సాధారణమైన లెక్క యిది: 4 గిద్దలు ఒక సోల; 2 సోలలు ఒక తవ్వ; 2 తవ్వలు ఒక మానిక; 4 మానికలు ఒక కుంచము; 4 కుంచములు ఒక తూము; 20 తూములు ఒక పుట్టి. అనగా పుట్టికి 320 మానికలు. అంత ధాన్యమును ఏ యొక్కరును ఎత్తలేరు. పుట్టెడు దుఃఖమనగా ఒంటరిగ మోయరాని దుఃఖమని అర్థము.

1956 నాటి తూనికలు కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతి వచ్చినది. క్రమముగ కుంచములు అటకలెక్కినవి. బెల్లపుదిమ్మలును కిలోలలోనే తూగుచున్నవి. అయినను ‘కిలోల దుఃఖము’ అని యెవ్వరును అనరు. గుక్కెడు నీళ్లు, గంపెడాశ, పిడికెడు మెతుకులు అనియే అందుము. పాత కొలతలు మరల రావలెనని మేము కోరము. మాట మిగిలి అర్థము పోరాదనియే మా కోరిక.

అటకమీద సోల, తవ్వ యుండినచో దింపి, బియ్యము పోసి పిల్లచేత కొలిపింపుడు. మొదటి కొలతను ‘ఒకటి’ అనక ‘లాభము’ అని యెంచుట మామ్మగారే నేర్పుదురు.

సోదరీ, తుదకొక్క మాట. పుట్టి యెంత యని పిల్ల అడిగినది, మంచిదే. మీ అత్తగారిని ఆ దుఃఖమేమని ఎవరైన అడిగిరా?