పగులు వస్తువు - బాలుర బాధ్యత

కోడిగ్రుడ్డు నొకదానిని విద్యార్థి చేతికిచ్చి, వారము దినములు పగులనీయక కాపాడి తెమ్మను పాఠమొకటి అమెరికా పాఠశాలలలో చిరకాలముగా నున్నది. విద్యార్థి దానికొక పేరుంచును, ప్రత్తి పఱచిన పెట్టెలో నుంచి వెంట గొనిపోవును, తాను పోలేనిచోట దానికొక కాపరిని నియమించును, దినచర్య వ్రాసికొనును. పగిలినచో మార్కులు తగ్గును. కొన్నిచోట్ల గ్రుడ్డునకు మాఱుగా పిండిసంచియు, పిమ్మట శిశువువలె నేడ్చు యంత్రపు బొమ్మయు వచ్చినవి. ప్రాజెక్టు అను పేర వచ్చిన విదేశపద్ధతులను చేకొనుటలో మన నగరపు పాఠశాలలు వెనుదీయునవి కావు. కావున నిట్టి పాఠము మనకు వలయునా, వలసినచో దాని నెట్లు నేర్పవలయును అను విషయమును విచారించుట యుక్తమని తలంచుచున్నాము.

ఈ విచారణకు అమీర్‌పేట కంటె తగిన స్థలము లేదు. మైత్రీవనము చుట్టునున్న వీథులలో గోడలన్నియు శిక్షణాలయముల ప్రకటనలతో నిండియున్నవి. దూరపు జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు వసతిగృహములలో నిఱుకుకొని కంప్యూటరు విద్యల నభ్యసించుచున్నారు. ఏ విద్యకు ఎన్ని మాసములు, ఎంత రుసుము, దానివలన నే యుద్యోగము అను లెక్క అచ్చటి పసివారికిని తెలియును. ఆ లెక్కలో చేరని విద్య యొకటి కలదు. తన చేతిలోని వస్తువును తాను కాపాడుట, అది చెడినప్పుడు చెడినదని తానే చెప్పుట, చెడినదానిని తన శ్రమచే సరిచేయుట - దీనికి శిక్షణాలయము లేదు. ఇల్లు నేర్పునని బడియు, బడి నేర్పునని యిల్లును ఊరకున్నవి.

మన పెద్దల కీ పాఠము క్రొత్తది కాదు. కొయ్యచట్రములో బిగించిన మార్కాపురపు రాతిపలకయే పూర్వము బాలుని మొదటి ఆస్తి. చేయి జాఱినచో నది పగులును. పగిలినచో క్రొత్తది వచ్చువఱకు ఆ ముక్కమీదనే వ్రాయవలెను. దసరాకో సంక్రాంతికో బొమ్మలకొలువు పెట్టునింట, పాతగుడ్డలలో చుట్టి పెట్టెలో దాచిన మట్టిబొమ్మలను బాలికలు ఒక్కొక్కటిగా విప్పి మెట్లపై నమర్చుదురు. అమ్మమ్మనాటి బొమ్మ విఱిగినచో దానికి జత దొరకదు. ఆ సంగతి తెలిసిన బాలిక వ్రేళ్లకు జాగ్రత్త తనంత నబ్బును. నేడు మనము బిడ్డ చేతికి ప్లాస్టిక్ గ్లాసు, ప్లాస్టిక్ పళ్లెము, ప్లాస్టిక్ బొమ్మ నిచ్చి, వీనికి వస్తువు విలువ తెలియదని వగచుచున్నాము. పగులని వస్తువునిచ్చి జాగ్రత్త నేర్పుట నీరులేని చెఱువులో నీత నేర్పుట వంటిది.

ఈ సత్యమును విద్యాశాస్త్రమునకు పునాదిగా చేసినవారిలో మరియా మాంటిసోరీ అగ్రగణ్యురాలు. 1907 జనవరి 6న రోములోని పేదలపేటలో ఆమె తెఱచిన శిశుగృహమున పసివారికి నిజమైన పింగాణీ పాత్రలు, గాజు పాత్రలు నిచ్చిరి. విసరివైచినచో పాత్ర పగులును; ఉపాధ్యాయుడు దండింపకయే తప్పు తన్ను తాను తెలుపుకొనును. ఆమె 1939లో దివ్యజ్ఞానసమాజము వారి యాహ్వానముపై మద్రాసులోని అడయారునకు వచ్చి, యుద్ధకారణమున 1946 వఱకు ఈ దేశముననే యుండి, వేయిమందికి మించిన ఉపాధ్యాయులకు శిక్షణ నొసగినది. నేడు మాంటిసోరీ నామము మన నగరమున ప్రతి పేటలోను బోర్డులపై కన్పట్టుచున్నది. ఆ బోర్డుల వెనుక పింగాణీ పాత్ర యెన్ని బడులలో కలదో తల్లిదండ్రులు వెళ్లి చూడవలయును.

మన జాతీయోద్యమమును ఈ విషయమును విస్మరింపలేదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముని యధ్యక్షతను జరిగిన విద్యాసభ చేతిపని ద్వారా విద్య నేర్పవలెనని తీర్మానించినది. అందుకై యేర్పడిన సంఘమునకు అధ్యక్షుడు డాక్టరు జాకిర్ హుస్సేను. ఆయన 1897లో ఈ హైదరాబాదుననే జన్మించి, 1967లో రాష్ట్రపతి యైనవారు. ఆ విద్యలో బాలుని చేతికి తకిలి వచ్చెను. మనస్సు చెదరిన క్షణమున నూలు తెగును. తెగిన నూలునకు జుల్మానా లేదు. దానిని ముడివైచి మరల వడుకవలెను. బాధ్యత యనగా నింతకంటె వేఱేమి?

ఈ దృష్టితో చూచినచో గ్రుడ్డు పాఠములోని లోపములు స్పష్టమగుచున్నవి. పగిలినచో మార్కులు పోవునని చెప్పినయెడల, బాలుడు వీథిచివరి దుకాణమున మఱియొక గ్రుడ్డు కొని, దానిపై వెనుకటి కన్నులు ముక్కు దిద్ది తెచ్చును. అతడు నేర్చినది కాపాడుట కాదు, కప్పిపుచ్చుట. మఱియు గ్రుడ్డు మనకు ఆహారము. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్నభోజనమున పేదబిడ్డల కంచములలో పెట్టునట్టిదానిని, వేఱొక బడిలో పగులుటకై పంచుట మన మర్యాదకు తగదు. యంత్రపు బొమ్మల గతియు నట్లేయున్నది. కౌమారమున గర్భధారణము తగ్గవలెనను నుద్దేశముతో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పాఠశాలలలో బాలికలకు అట్టి బొమ్మల నిచ్చి చూచిరి. ఆ బాలికలలో గర్భము దాల్చినవారు తగ్గకపోగా, బొమ్మలు పొందని బాలికలలో కంటె హెచ్చుగ నుండిరని 2016లో లాన్సెట్ వైద్యపత్రిక ప్రకటించినది. బాధ్యతకు వేషము వేయించినంతమాత్రమున బాధ్యత రాదు.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న వేఱొకటి యున్నది. మన మధ్యతరగతి యిండ్లలో గాజుగ్లాసు పగిలినప్పుడు ముక్కలెవ రేరుచున్నారు? పగులగొట్టిన బాలుని, "అక్కడే నిలువుము, కదలకుము" అని ప్రక్కకు తీసి, పనిమనిషిని కేక వేయుదుము. ఆమె వంగి ముక్క లేరును. అదే గ్లాసు ఆమె చేత పగిలినచో ఆ దినమంతయు తిట్లు. కొన్ని యిండ్లలో జీతమున కోత. బాలు డీ రెండును చూచుచునే యున్నాడు. తన చేత పగిలినది ప్రమాదమనియు, ఆమె చేత పగిలినది నేరమనియు, ఊడ్చుట తన పని కాదనియు అతడు ప్రతిదినము నేర్చుచున్నాడు. ఇంట నీ పాఠము నడచుచుండగా బడిలో వారము దినముల గ్రుడ్డు పాఠ మేమి చేయగలదు?

కావున మా సూచన యిది. ప్రతి బాలునకు నొక మట్టికుండనో, మొక్కతో గూడిన మట్టితొట్టినో, పింగాణీ గిన్నెనో యిచ్చి, వారము కాదు, ఒక సంవత్సరము వాడనీయవలెను. దాచుటకు కాదు, వాడుటకు. పగిలినచో మూడే నియమములు: తానే చెప్పవలెను, పెద్దల తోడ్పాటుతో చీపురుపట్టి తానే ఊడ్వవలెను, బడితోటలోనో గ్రంథాలయములోనో కొంత పనిచేసి మఱియొకటి సంపాదింపవలెను. మార్కులు వలదు, జుల్మానా వలదు. జుల్మానా ధనికుని బిడ్డకు తండ్రి జేబు. పేదవాని బిడ్డకు దెబ్బలు. ఉపాధ్యాయునికిని అట్టి పాత్ర యొకటి యుండవలెను. అది పగిలిననాడు ఆయనయు పిల్లల యెదుట చెప్పి, ఊడ్వవలెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8వ తరగతి వఱకు గల కాలమున పది దినములు పుస్తకసంచి లేని దినములుగా నిర్దేశించినది. ఈ పని నారంభించుటకు ఆ దినములు చాలును.

ఇది చిన్న విషయమని త్రోసివేయువారు లేకపోరు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకు టాబ్లెట్లను పంచినది. ప్రజాధనముతో కొన్న గాజుపలక రాతిపలక కంటె పెళుసు. దానిని వాడగల జాగ్రత్తయు, పగిలినచో చెప్పగల ధైర్యమును ముందుగా అలవడనిచో, ఆ కానుక బిడ్డకు భారమగును. లేదా పెట్టె నడుగున భద్రపఱుపబడి నిరుపయోగమగును.

అమీర్‌పేటకు కూతవేటు దూరమున, పంజాగుట్ట చెంత, నవాబు ఫక్రుల్ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ సౌధమున్నది. 2019లో ప్రభుత్వము దానిని కూల్చి శాసనసభాభవనము కట్ట దలచినది. పౌరులు న్యాయస్థానము నాశ్రయించిరి. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. జత దొరకని బొమ్మ యెట్టిదో ఎఱిగిన పౌరులు కొందఱుండుటచే అది నిలిచినది. ప్రజల ఆస్తిని కాపాడుట పౌరుని విధియని 1976లో రాజ్యాంగమున చేర్చుకొంటిమి. ఆ వాక్యము కాగితమున నుండక చేతులకు రావలెనన్న, ఆ చేతులు చిన్నవిగా నున్నప్పుడే వానికొక మట్టిగిన్నె నందీయవలెను. అది పగిలిననాడు చీపురును అందీయవలెను. మన పాఠశాలాధికారులును, అంతకంటె ముందుగా తల్లిదండ్రులును ఈ పనికి పూనుకొందురుగాక యని కోరుచున్నాము.